పన్ను రాయితీ కోసం విజయనగరం దాకా

శ్రీకాకుళం నుంచి పొందూరుకు మొదటి బస్సు ఆరింటికన్నారు. డ్రైవరు గారు టీ తాగి, చుట్ట కాల్చి, ఆరున్నర దాటాక బండి తీశారు. టిక్కెట్టు ముప్పావలా. ముందు సీట్లో కూర్చుంటే నడుము కాస్త దక్కుతుంది.

బట్టల దుకాణం వాణ్ణి, నాకీ ప్రయాణం ఎందుకు పడిందో చెప్పాలి. పేద దేశాల సరుకు మీద దిగుమతి సుంకం తగ్గించాలని ఢిల్లీలో దేశాలన్నీ కూడి మాట్లాడుకున్న రోజులవి. ఐరోపాలో కొన్ని దేశాలు చేనేతకు సడలింపు ఇచ్చాయి. చేత్తో నేసిందేనని అధికారి ధ్రువపత్రం ఇస్తే పొందూరు మెడగుడ్డలు ఓడెక్కిస్తానని విశాఖపట్నం ఎగుమతిదారు ఒకాయన ఒప్పుకున్నాడు. పత్రం లేకపోతే పూర్తి సుంకం పడుతుంది, ఆ ధరకు అక్కడ కొనేవాడు లేడు. ఇక్కడ కొనేవాళ్ళు ఎప్పుడో మిల్లుగుడ్డకు మరిగారు. ఈ మూట ఓడెక్కకపోతే నేతగాడు అప్పలస్వామి వీధిలో మగ్గాలు ఆగిపోతాయి.

అధికారి మకాం ఆ రోజు విజయనగరంలో. ఇంగ్లీషులో మాట్లాడ్డానికి అప్పలస్వామి వాళ్ళు నన్ను తోడు రమ్మన్నారు.

పొందూరులో నేను దిగేసరికి అప్పలస్వామి భార్య సూరమ్మ మూట విప్పి చూపించింది. గుడ్డల చుట్టూ తీరుగా మిషను కుట్టు.

"నేత అంచు ఏమైందమ్మా?" అన్నాను.

"ఆ సూది బెజ్జాలతో పంపుతామేటి బాబూ? సిమ్మట కొట్టీసినాదనుకుంటారు దొరలు. అంతా కోసీసి కుట్టించీసినాం," అంది.

నేసేటప్పుడు గుడ్డ ముడుచుకోకుండా మగ్గం మీద అడ్డంగా ఒక సూదుల బద్ద పెడతారు. ఆ సూదులు దిగిన చోట రెండు అంచుల్లోనూ సన్నని బెజ్జాలు పడతాయి. పెళ్ళిబట్టల మీద ఆ మచ్చ కనబడకూడదని ఆ వీధి ఆడవాళ్ళ పట్టింపు. ఇది పెళ్ళికంటే పెద్ద పని కదా, ఏకంగా కోసేశారు. నాకూ ముచ్చటేసింది.

అప్పలస్వామీ నేనూ మూటతో స్టేషనుకు వెళ్ళాం. తొమ్మిదింటి పాసింజరు పదింటికి వచ్చింది. రైలుపెట్టెలో తాటిబెల్లం గంపతో కూర్చున్న ముసలమ్మ మూట కేసి చూసి, "ఏటి బాబూ అది?" అంది. విదేశాలకు వెళ్ళే గుడ్డలన్నాను. "మనకి కట్టుకోడానికి లేదు గానీ," అని గంప పక్కకు జరిపి మూటకు చోటిచ్చింది.

విజయనగరంలో స్టేషను ఎదుటి హోటల్లో భోజనం చేశాం. సాంబారు మంచిది, పెరుగు నీళ్ళు. అధికారి మకాంలో మూడింటిదాకా వరండాలో కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. నా ఇంగ్లీషు అవసరమే పడలేదు, అధికారిది తెలుగే.

ఆయన ఒక గుడ్డ తీసి నాలుగు వైపులా తడిమాడు. "అంచేదండీ? ఆ సూది బెజ్జాలు చూసే కదా మగ్గం గుడ్డ అని రాసేది! పైగా మిషను కుట్టు."

"పొందూరు గుడ్డ పట్టుకుంటే తెలియదా సార్?"

"నాకు తెలుస్తుంది. అవతలి రేవులో చూసేవాడికి ఏం చూపించమంటారు? వేరే గుడ్డలు తెండి, రాస్తాను." కసురుకోలేదు. కసురుకుని ఉంటే నాకు కాస్త కోపమైనా మిగిలేది.

వేరే గుడ్డలంటే మళ్ళీ వడకాలి, నేయాలి. నెలలు పడుతుంది. ఓడ ఆ వారమే. దేశాలన్నీ కూడి తెరిచిన తలుపు మా అప్పలస్వామి మొహాన పడిందని నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం పాసింజర్లో వెనక్కి బయలుదేరాం. నెల్లిమర్లలో జూట్ మిల్లు కూలీలు ఎక్కారు, ఒంటినిండా నార దుమ్ము. అప్పలస్వామి వాళ్ళలో ఒకణ్ణి అడిగాడు.

"మనుసుల్ని తీసుకుంటన్నారేటి మావా?"

"ఉన్నోల్లనే తీసీస్తన్నారు," అన్నాడతను.

పొందూరు దగ్గర పడుతుండగా అప్పలస్వామి నా వైపు జరిగాడు.

"బాబూ, అంచుల సంగతి మా ఆడదానికి సెప్పకండి. నా నేత బాగోలేదన్నారని సెప్తాను. ఇని ఊరుకుంటాది. తన సేత్తో కోసిందని తెలిస్తే బతకదు."

పొందూరు నేతగాడి నోట తన నేత బాగోలేదన్న మాట వింటానని నేనెన్నడూ అనుకోలేదు. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు బస్సు వేళలు, హోటళ్ళు చెప్పగలను. ఆ ఊళ్ళో రేపు ఏం తింటారో చెప్పలేను.

స్టేషను బయట సూరమ్మ నిలబడి ఉంది. తన నేతకే వంకపెట్టారని అతను చెప్పాడు. ఆమె నమ్మలేక నా మొహం కేసి చూసింది. నేను తలూపాను.