వియ్యంకుడి బండి సైడ్ ప్యానెల్

మొన్న మా స్కూటీ అద్దం తొడుగు చీలితే అతికించే గమ్ము కోసం కొంటా బజారులో హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన "జల్దీ పట్టేది ఇయ్యాల్నా, రేపటిదాక ఆరేది ఇయ్యాల్నా?" అని అడుగుతూ చిటికెన వేలంత ట్యూబు ఒకటి బల్ల మీద పెట్టాడు. నా చేయి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చేసింది. ఆయన తెల్లబోయాడు. "పాము గాదమ్మా, గమ్మే" అన్నాడు. పాముకైతే నేనంత జడవను, పొలాల్లో పెరిగినదాన్ని. ఆ ట్యూబును చూస్తే మాత్రం మా అత్త చేతిలోంచి లేచిన పొగ ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది.

ఇప్పపూలు రాలే కాలం అది. వాకిలంతా పూలు ఎండబోసి ఉన్నాయి. ఆ తీపి వాసనకు ఇంట్లో కూర వాసన కూడా తెలిసేది కాదు. మా మరిదికి శబరి ఏటి అవతలి ఊళ్ళో ఒక సంబంధం మాట్లాడుకున్నాం. పిల్ల పదో తరగతి దాకా చదివింది, చూడగానే మా అత్తకు నచ్చింది. మాట అయితే అయింది గానీ తాంబూలాలు ఇంకా పుచ్చుకోలేదు. పిల్ల తండ్రి అజాగ్రత్త మనిషిని సహించడని ఆ చుట్టుపక్కల పేరు. అంతకుముందు వచ్చిన పెళ్ళికొడుకు ఫోన్ చూసుకుంటూ బండి నడిపాడని గుమ్మంలోంచే పంపేశాడట. అలాంటి మనిషి, మా మరిది వాళ్ళింటికి వెళ్ళినప్పుడు బండి గొలుసు తెగి ఆగిపోతే, తన కొత్త మోటారు సైకిల్ తాళం తీసి చేతిలో పెట్టాడు. తనకు కొంటాలో పనుంది, సాయంత్రం తానే మా ఇంటికి వచ్చి తీసుకుపోతానన్నాడు. పిల్లనివ్వడం కన్నా ముందు బండినిచ్చాడని మా అత్త మురిసిపోయింది.

ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. మా ఊరి మలుపులో మేకలు అడ్డం రావడంతో మరిది ఇసుకలో జారి పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయి ఇంటికొస్తే ఎవరూ మోకాలి వంక చూడలేదు. అందరి చూపూ బండి పక్కనున్న నల్లటి ప్లాస్టిక్ సైడ్ ప్యానెల్ మీదే. జానెడు పొడవున పగిలింది, నోరు తెరిచిన చేపలా ఉంది. "అయిపోయింది వదినా, ఈ సంబంధం పోయినట్టే" అని మరిది అరుగు మీద కూలబడ్డాడు. కొత్తది దొరకాలంటే భద్రాచలం వెళ్ళాలి. సాయంత్రం లోపల కుదిరే పని కాదు. ప్యానెల్ ఊడదీసి, చీర కొంగులో చుట్టుకుని, నేనే హార్డ్‌వేర్ కొట్టుకు పరుగెత్తాను.

ప్లాస్టిక్‌లో కూడా జాతులుంటాయని ఆ రోజే తెలిసింది. కొట్టాయన ప్యానెల్ లోపలి వైపు గోరుతో గీశాడు, వంచి చూశాడు, వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు, కుండ కొనేవాళ్ళు చూసినట్టు. గోటికి మైనంలా తగిలితే దానికి ఏ గమ్మూ పట్టదట, వేడి చువ్వతో కరిగించి కలపాల్సిందేనట. ఇది గట్టి రకం, టక్కుమని మోగింది, కాబట్టి గమ్ము పడుతుందన్నాడు. అయితే రెండు ట్యూబులు కలిపి పూసేదే మంచిదని, గరుకు కాగితంతో అంచులు రాకి, పూసి, రేపటిదాకా కదపొద్దని చెప్పాడు. మాకు రేపటిదాకా గడువెక్కడిది? క్షణంలో అంటుకునే చిన్న ట్యూబులు అడిగి గుప్పెడు తెచ్చుకున్నాను. "పల్చగ పుయ్యాలమ్మా, ఎక్కువైతే ఆగం" అని వెనక నుంచి అరిచాడు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పాను కూడా. వినేవాళ్ళు ఉండాలి కదా.

మా అత్తకు అతికించే విద్య చెప్పడానికి నేనెవరిని? పగిలిన సొరకాయ బుర్రను కూడా ఆమె పారేసేది కాదు. మా వైపు జావ పోసుకుని పొలానికి తీసుకుపోయేది ఆ బుర్రల్లోనే. బీట పడితే అత్త అందులో పత్తి కూరి, పైన కరిగిన గుగ్గిలం పోసి వేలితో అదిమేది. చుక్క నీరు కారేది కాదు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా బుర్రలు పట్టుకొచ్చేవారు. మరిది పల్చగా పూసి రెండుసార్లు అతికించాడు, రెండుసార్లూ విడిపోయింది. అత్త ఇక ఆగలేకపోయింది.

"జరుగు బిడ్డా. పత్తి లేకుండ ఏదన్న అంటుతదా?"

"అమ్మా, ఇది బుర్ర గాదే, బండి."

"బండయితే ఏంది, పగులు పగులే గదరా."

పగులు నిండా పత్తి కూరింది. నేను చేయి పట్టుకునేలోపే మిగిలిన ట్యూబులన్నీ తెంపి దాని మీద పిండేసింది. బొటనవేలితో, చూపుడువేలితో గట్టిగా అదిమి పట్టింది.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ఆమె వేళ్ళ మధ్య నుంచి తెల్లటి పొగ లేచింది. అగ్గిపుల్ల లేదు, పొయ్యి లేదు, ఎండ కూడా మామీద లేదు. ఘాటుకు నా కళ్ళు మూసుకుపోయాయి. మా అత్త కేక వేయలేదు. తన చేతి వంకే చూస్తూ "ఏందే పిల్లా ఇది, పొయ్యి లేకుండనే కాలుతుంది" అంది. వేళ్ళు తీయబోతే రాలేదు. ప్యానెల్ కూడా చేతితోపాటే లేచింది. మరిది లాగబోతుంటే ఆపి, కడవలోని నీళ్ళన్నీ ఆ చేతి మీద కుమ్మరించాను. పత్తికీ ఆ గమ్ముకీ పడదని, రెండూ కలిస్తే మండేంత వేడి పుడుతుందని తర్వాత ఆస్పత్రిలో చెప్పారు. అప్పటికి మాకు దెయ్యం పట్టినట్టే తోచింది.

సరిగ్గా అప్పుడే పిల్ల తండ్రి వాకిట్లోకి వచ్చాడు. సాయంత్రం రావాల్సిన మనిషి, పని తొందరగా తెమిలిందట. ఆయన ఎదుట ప్యానెల్ లేక బోడిగా నిలబడ్డ బండి, కింద ఖాళీ ట్యూబులు, తడిసిన ఇప్పపూలు. మా అత్త అంత నొప్పిలోనూ చేతిని, ప్యానెల్‌ను కొంగు కింద దాచబోయింది. దాచేంత చిన్న వస్తువా అది? మరిది తల వంచుకున్నాడు.

ఆయన బండి వంక చూడలేదు. "ఏందక్కా, చెయ్యి చూపియ్యి" అన్నాడు. చూసి, తాళం కోసం మరిది వైపు చేయి చాచాడు. "జల్దీ ఎక్కు. అస్పతాల్ పోదాం." మా అత్త మధ్యలో, నేను వెనక. ఆ ప్యానెల్ ఆమె వేళ్ళకు అంటుకునే ఉంది. దారి పొడవునా జనం ఆగి చూశారు.

నర్సమ్మ గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, ఓపిగ్గా వేళ్ళు విడదీసింది. చర్మం కొంత ప్యానెల్‌కే ఉండిపోయింది. బొబ్బలు చూసి నేను తల తిప్పుకున్నాను. వరండాలో మా అత్త కట్టు కట్టిన చేత్తోనే దండం పెట్టబోయింది. "అన్నా, పిల్లగాని తప్పు లేదు. మేకలు అడ్డమొచ్చినయ్."

ఆయన నవ్వాడు. "ఏ మేకలక్కా? అది ముందుగాల్నే పగిలింది. నేనే గేటుకు కొట్టిన. లోపల నుంచి అతికిచ్చి ఊకున్న. పగిలిన బండి ఇచ్చిన్నని మీరేమనుకుంటరోనని నాకే బుగులు."

ఆ కంగారులో మేమిద్దరం ఆ మాట నమ్మేశాం. ఆపైన తాంబూలాలకు అడ్డు లేకపోయింది. ఎండలు తగ్గకముందే పెళ్ళి జరిగింది, ఆ పిల్ల నాకు తోడికోడలైంది.

వానలు పడేనాటికి మా అత్త చేయి మానింది. మహిళా సంఘం మీటింగులో ఎప్పటిలా సిరా రాసుకుని బొటనవేలు ఒత్తింది. కాగితం మీద గీతలేవీ లేవు, నల్లటి మచ్చ మాత్రం పడింది. తన గుర్తే పోయిందని ఆమె ఎంతసేపు ఆ వేలిని చూసుకుందో. "రెండో చెయ్యి పెట్టకత్తా, పేరు రాద్దువుగని" అని తోడికోడలు పలక తెచ్చింది. వంటింటి గడపలో ఆమెకు చెబుతుంటే పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. నా మొదటి అక్షరాలు అవే.

ఒకనాడు అత్త పేరు పూర్తిగా రాసి, "మీ నాయిన ఆనాడు బండి ముందే పలగ్గొట్టుకోకపోతే నువ్వు ఈ ఇంటికి రాకపోదువే" అంది.

తోడికోడలు ఫక్కున నవ్వింది. "మా నాయిన పలగ్గొట్టుడేందత్తా? ఆ బండికి గీత కూడ లేకుండె. మీ చిన్నబ్బాయే పలగ్గొట్టిండు."

బలపం అత్త చేతిలోంచి జారింది. నాకు ఆ ఆస్పత్రి వరండా మళ్ళీ కనిపించింది, ఆయన నవ్వు కూడా. అత్త అడిగింది, "మరి మీ నాయిన అప్పుడే ఎందుకు చెప్పలే?"

"అప్పుడు చెప్తే మీకు మొగం చెల్లునా? పెళ్ళే వద్దనుకుందురు."

అత్త బలపం అందుకుని మళ్ళీ పేరు రాయసాగింది. ఆయన మాట ఆ రోజే అబద్ధమని తెలిసి ఉంటే సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళం. ఇంటి మనిషి నోట ఇన్నాళ్ళకు తెలిసేసరికి ముందు దిమ్మెరపోయాం, తర్వాత ముగ్గురం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం. మధ్యలో గడిచిన కాలం మాకు తెలియకుండానే ఎంత బరువు దించిందో!