దిండు నిండా బొగ్గు

నేను కడుపుతోని ఉన్నప్పుడు ఒకసారి కాగజ్‌నగర్‌ల మా అన్న ఇంటికి పోయి, నా పెనిమిటితోని రైలుల తిరిగొస్తున్న. నడుముకు ఆనించుకొమ్మని మా అత్త ఒక దిండు ఇచ్చి పంపింది. అది దూది దిండు కాదు. మాది నేత ఇల్లు. మగ్గం కింద తెగిపడ్డ నూలు పోగులను ఊడ్చి, దుమ్ము దులిపి కుక్కిన దిండు అది. దిండ్లకు పోను మిగిలిన పోగులను గంపకెత్తి పెంటకుప్ప మీద పోసేది. మా వాడల ఇంటింట్ల అంతే.

పెద్దపల్లిల దిగినం. మా ఊరి బస్సుకు ఇంకా చాలా ఆలస్యమున్నది. రైలు నీళ్లు పట్టుకోను ఆగింది. ఇంజనును దగ్గర నుంచి చూడాలని నాకు చిన్నప్పటి సంది ఆశ. "జర చూసొద్దాం రాండ్రి" అన్న. నా పెనిమిటి వద్దంటనే ఉన్నడు, నేను నడుస్తనే ఉన్న.

దగ్గరికి పోతె ఏం వేడి, ఏం బుస! ఒంటినిండ మసి పూసుకున్న ఒకాయన చక్రాల కాడ నూనె పోసి, పాత గుడ్డపేలికతోని తుడుస్తుండు. ఆ పేలిక నూనెను పీల్చుకుంట లేదు, ఇటుది అటు పూస్తుంది. ఆయన విసుక్కొని దాన్ని అవతల పారేసి, చేతులు అంగీకే రాసుకున్నడు.

నాకేమనిపించిందో ఏమో, దిండు కుట్టు పళ్లతోని తెంపి పిడికెడు పోగులు గుంజిన.

"నీకేమన్న పిచ్చా? మా అవ్వ ఇచ్చిన దిండు గది, మనలను ఇంట్లకు రానిస్తదా?" అని నా పెనిమిటి నా చెయ్యి పట్టుకున్నడు.

"అన్నా, గిది పెట్టి తుడువు" అని నేను ఆ చేతినే ఇంజనాయన దిక్కు చాపిన.

ఆయన నా దిక్కు వింతగ చూసి, తీసుకొని ఇనుప కడ్డీ మీద ఒక్క తీరుగ రుద్దిండు. కడ్డీ తళతళ మెరిసింది. "అరె వా! నూనెను నీళ్ల లెక్క తాగుతుంది గదా! గిదేం సరుకు చెల్లె?"

"సరుకు కాదన్నా, మా ఇంట్ల చెత్త."

"చెత్తనా! పేలికలు చాలక మేం అంగీలు పాడు చేసుకుంటున్నం. ఇంకా ఉన్నదా?"

నాకు నవ్వాగలేదు. ఇంకా ఉన్నదా అంట! మా వాడ పెంటకుప్పలన్ని కండ్ల ముందట కనబడ్డయి.

అప్పుడే పట్టాల పక్కపొంటి నల్లటి కుప్పలు కంటబడ్డయి. "గవేంటియన్నా?" అని అడిగిన. ఇంజను పొయ్యిల సగం కాలి పడ్డ బొగ్గు అన్నడు. ఎవరన్న ఏరుకపోతె తమకు ఎత్తిపోసే పని తప్పుతది అన్నడు.

మా ఇంట్ల నూలుకు రంగేసేటప్పుడు కాగు కింద మంట నిలకడగ ఉండాలె. ముసురు పట్టిందంటె పచ్చికట్టె ఒకసారి భగ్గుమంటది, ఒకసారి పొగేస్తది. రంగు ఒక కాడ ముదురు, ఒక కాడ లేత. మా మామ ఆ నూలు చూసి అన్నం ముందట అలిగేటోడు. అదంత యాదికొచ్చింది. దిండుల మిగిలిన పోగులన్ని ఆయన చేతుల పోసి, "గీ దిండు గలీబు నిండ బొగ్గు నింపుకుంట" అన్న.

"నింపుకో, నీ ఇష్టం!" అని ఆయన ఇంజనెక్కి నా కోసమే అన్నట్టు కూత పెట్టిండు. నేను ఎగిరిపడ్డ. నా పెనిమిటి నవ్వుకుంట కూసొని, నాకంటె జోరుగ బొగ్గు ఏరిండు.

ఇంట్ల అడుగు పెట్టంగనే మా అత్త దిండు అందుకోబోయింది. బరువుకు చెయ్యి కిందికి గుంజింది. విప్పి చూసి, "ఓ పిల్లా! నా దిండును బొగ్గు చేసుకొచ్చినవా?" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నది. నేను ఊపిరాడకుంట అంత చెప్పిన. ఆమె నమ్మలే.

రంగేసే నాడు కాగు కింద బొగ్గు పోసి ఎంత ఊదినా రాజుకోలే. కండ్లు మండి నీళ్లు కారినయి. ఇరుగుపొరుగోళ్లు వాకిట్ల నిలబడి నవ్విన్రు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు మా అత్త కొంగు బిగించి, "జరుగు" అన్నది. అడుగున పత్తికట్టె, దాని మీద పిడకలు, పైన బొగ్గు పేర్చింది. జరసేపటికి బొగ్గు అంచు ఎర్రబడ్డది. ఇంకో జరసేపటికి కాగు కింద అంత నిప్పే! పొగ లేదు, మంట ఎగురుడు లేదు.

మామ కట్టెతోని నూలు పైకి లేపిండు. ఈ కొస నుంచి ఆ కొస దాక ఒక్కటే ఎరుపు. వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూసిండు. "రంగు గిట్ల పట్టుడు నేనెన్నడు చూడలే" అన్నడు. వాకిట్ల నవ్వినోళ్లే ముందుగాల లోపలికొచ్చి, "గా బొగ్గు ఏడ దొరుకుతది?" అని అడిగిన్రు.

ఇగ మా వాడ ఎన్కటి వాడే కాదు. పెంటకుప్ప మీద పోగు కనబడుతె ఒట్టు. మా పొరుగామె మా మగ్గం కింద కూడ ఊడ్చుకపోయిందని మా అత్త కొట్లాటకు పోయింది. "మొన్నటిదాక మా వాకిట్లకే ఊడుస్తుంటివి గదా!" అని ఆమె అంటె, ఇద్దరికి నవ్వొచ్చి కొట్లాట అక్కడికే ఆగింది. అప్పటి సంది అందరి పోగులు ఒక్కకాడ జమచేసి, పెద్దపల్లికి పోయే ఎడ్లబండిల ఇంజనోళ్ల కోసం ఏసేది. వచ్చేటప్పుడు అదే బండిల బొగ్గు వచ్చేది. నేను కనేదాక ఆ బండి ఎన్నిసార్లు వచ్చిపోయిందో, వచ్చిన ప్రతిసారి నేను వాకిట్లకు ఉరికిన.

మా అత్తకు మాత్రం అంతటితోని నిమ్మళం లేకపాయె. ఏది పారబోయబోయినా చేతిల పట్టుకొని ఆగేది. నా బిడ్డకు పాలిస్తుంటె ఒకనాడు వచ్చి పక్కన కూసున్నది.

"పిల్లా, పెద్దపల్లిల బియ్యం మిల్లు వెనుక గుట్టలెక్క ఊక పోసి ఉంటదట. దాన్ని ఏం జేస్తరట?"

"ఏం జేస్తరత్తా, గాలికి పోతది."

ఆమె కండ్లు మెరిసినయి. "రేపు పొద్దుగాల పోదాం. పిల్లను నేనెత్తుకుంట, సంచి నువ్వు పట్టుకో."