మానుకోటలో మొదటి ఎక్స్‌రే

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను మహబూబాబాద్ తాలూకా దవాఖానకు హౌస్ సర్జన్‌గా వేశారు. జనం ఆ ఊరిని మానుకోట అనేవారు. హౌస్ సర్జన్ అంటే చదువు ముగించి శిక్షణలో ఉన్న డాక్టరు. యూనివర్సిటీ ఆసుపత్రి తన వైద్యాన్ని జనగామ, మానుకోట వంటి తాలూకాలకు విస్తరిస్తున్న కాలమది. నాతోపాటు పెట్రోలు జనరేటరుతో నడిచే ఎక్స్‌రే మిషను, దాన్ని నడిపే ఖాజా సాబ్ రైల్లో వచ్చారు. జనగామ స్టేషనులో సిపాయిలు పెట్టెలు విప్పించి, అది వైర్‌లెస్ సెట్టని గంతులేశారు. కాదని నమ్మించేసరికి రైలు కదిలింది. పెట్టెలు లోపలికి తోసి, ఇద్దరం పరుగెత్తి ఎక్కి, డోర్నకల్ దాకా నవ్వుతూనే ఉండి, మానుకోటలో దిగడం మరిచిపోయాం.

మిషను బిగించిన మర్నాడే మిలిటరీ క్యాంపు అధికారి ఒక మనిషిని తీసుకొచ్చాడు. కురవి వైపు కల్లు గీసే ఎల్లయ్య. పిక్కలో పుండు, దాని కింద గట్టి గడ్డ. కుంటుతున్నాడు. అడవిలో కమ్యూనిస్టు దళాలు, ఊళ్లలో మిలిటరీ ఉన్న రోజులవి. కుంటితే చాలు, అనుమానం. లోపల తూటా ఉందని అధికారి పట్టు.

“తాడిచెట్టు మీదికెళ్లి పడ్డ సారూ, మొద్దు గుచ్చుకున్నది,” అన్నాడు ఎల్లయ్య.

వెంట వచ్చిన భార్య సాయమ్మ మిషను చుట్టూ తిరిగి చూసింది. “గిది మా ఆయన కాలు కోస్తదా?”

కొయ్యదనీ, ఫోటో తీస్తుందనీ చెప్పాను.

ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీశాం. ఒకే దిక్కు నుంచి తీస్తే తూటా ఎముక నీడలో దాగవచ్చు. ఫిలిం మారుస్తామేమోనని అధికారి కూడా చీకటిగదిలోకి వచ్చాడు. ఎర్రదీపం కింద ఎముకలు మెల్లగా తేలాయి. పిక్కలోని సన్న ఎముక విరిగి అతుక్కుంటోంది. చేతికి తగిలిన గడ్డ అదే. లోహం జాడ లేదు. తూటా దూసుకుపోయి ఉంటే రెండో గాయం ఉండాలి, అదీ లేదు. నాకు ఈల వేయాలనిపించింది.

బయటికొచ్చాక, అయితే చెట్టు మీంచి పడ్డాడని రాసివ్వమన్నాడు అధికారి. ఎలా విరిగిందో ఫిలిం చెప్పదనీ, తూటా లేదనీ ఎముక విరిగిందనీ మాత్రమే రాస్తాననీ అన్నాను.

సాయమ్మ నన్ను మింగేసేలా చూసింది. “ఒక్క మాట రాస్తే నీ సొమ్మేం పోతది సారూ?”

అధికారి ఫిలింను మళ్లీ ఒకసారి వెలుగుకు పెట్టి చూశాడు. పడ్డాడని రాసి ఉంటే దవాఖాన వాళ్లు జాలిపడ్డారనుకునేవాడిననీ, ఇప్పుడు తూటా లేదన్న మాట నమ్ముతున్నాననీ హిందుస్తానీలో అన్నాడు. ఎల్లయ్యను వదిలేసి జీపెక్కాడు.

ఆపైన దవాఖాన జాతరైంది. సాయమ్మ ఫిలింను ఎండకు పెట్టి, “అబ్బ, బొక్కలెంత తెల్లగున్నయో! పైకే నలుపు మనిషి!” అంటే ఎల్లయ్య పుండు నొప్పి మరిచి నవ్వాడు. బయట నిలబడ్డ వాళ్లంతా తమ ఎముకలూ చూపించమని చేతులు చాచారు. జనరేటరులో పెట్రోలు అయిపోయిందని ఖాజా సాబ్ అబద్ధమాడవలసి వచ్చింది.

ఉద్యోగం ముగిసేదాకా ఎన్నో రిపోర్టులు రాశాను. కనిపించనిది రోగి మేలుకోసమైనా రాస్తే, కనిపించినదానికీ విలువ పోతుందని నేర్చుకున్నది అక్కడే.