కుళాయి దాకా వెళ్ళి వచ్చాను

ఇరవై ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. "ఒప్పుకోవట్లేదు పోలమ్మత్తా" అన్నాను, అంతే. అది అబద్ధమని ఇన్నాళ్ళూ నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఎక్కడ మొదలుపెట్టాలి? వార్తలు రాసి బతికినవాణ్ణి. ముఖ్యమైనది మొదటి వాక్యంలో పెట్టడం నాకు అలవాటు. ఈ సంగతి దగ్గర మాత్రం ఆ అలవాటు పనిచేయడం లేదు.

అప్పుడు రేపల్లెలో ఒక పత్రికకి విలేకరిని. మేం రాసేవాటికి కింద పేర్లు ఉండేవి కావు. మధ్యాహ్నం ప్యాసింజరు కదిలేలోపు వార్తల కవరు రైలెక్కాలి. ఎక్కకపోతే మర్నాడు జిల్లా పేజీలో మన ఊరు కనపడదు, డెస్కు నుంచి ఫోనొస్తుంది. ఆ రోజు నా దగ్గర ఏ వార్తా లేదు. ఊళ్ళో ఉన్న ఒక చిన్న ఆసుపత్రి వరండాలో నిలబడ్డాను. దాని పేరు చెప్పను. ఇప్పుడది లేదు కూడా. అక్కడ ఒక ఎండుచేపల బుట్ట కనిపించింది.

బుట్ట పోలమ్మది. నిజాంపట్నం దగ్గరి పాలెం నుంచి మొదటి బస్సుకి వచ్చి రేపల్లె వీధుల్లో అమ్ముకునేది. వాళ్ళ పాలెం ఆడవాళ్ళు కాన్పుకి వస్తే బుట్ట బయట పెట్టి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, వాళ్ళ వెంట లోపలికి వెళ్ళేది. మందూ మాకూ ముట్టదు. డాక్టరమ్మ పనికి అడ్డం పోదు. తల దగ్గర నిలబడి నడుం రుద్దుతుంది. "కెరటం వస్తంది. ఎదురుపోమాక. మీదికెక్కనియ్యి, అదే దిగిపోద్ది" అంటుంది. అంతే ఆమె వైద్యం. డాక్టరమ్మకి అభ్యంతరం లేదు. ఆమె ఉంటే కేకలు తగ్గుతాయని నర్సులకీ బాగానే ఉండేది.

ఇదంతా తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు ఎవర్నీ అడగలేదు. ఆమెనీ అడగలేదు, లోపల నొప్పులు పడిన ఒక్క ఆడమనిషినీ అడగలేదు. బుట్టని చూశాను, వాసన చూశాను, ఆరు వాక్యాలు రాసి కవర్లో పెట్టాను. డెస్కులో ఎవరో సరదాపడి 'కాన్పు గదిలో ఎండుచేపల బేరం' అని శీర్షిక కట్టారు. బేరమేదీ జరగలేదు. నేను దిద్దమని అడగనూ లేదు.

మూడో రోజుకి కాన్పు గది తలుపు మీద బోర్డు వేలాడింది. ఇతరులకు ప్రవేశం లేదు. తల్లులకి లేదు, అత్తలకి లేదు, ఎవరికీ లేదు. మా వృత్తిలో దాన్ని 'స్పందన' అంటారు. వార్త రాస్తే అధికారో యజమానో కదిలాడని మళ్ళీ ఒక వార్త వేసుకుంటాం. నేనూ వేసుకున్నాను. ఆ కాగితం ముక్క కత్తిరించి ఫైల్లో అంటించుకున్నాను కూడా.

అప్పుడు నా భార్యకి ఎనిమిదో నెల. తల్లి లేని పిల్ల. రేపల్లెలోనే పుట్టి పెరిగింది. చిన్నప్పట్నుంచీ వాళ్ళ గుమ్మంలో బుట్ట దించేది పోలమ్మే. "నీ కాన్పుకి నేనొస్తాలే అమ్మాయ్, నీకేం భయం" అని మాటిచ్చి ఉంది. వార్త చదివి నా భార్య పేపరు విసిరికొట్టింది. మా పత్రికకి ఊళ్ళో ఇద్దరం ఉండేవాళ్ళం. "నేను కాదు, రెండోవాడు" అన్నాను. అంటే అసలు మొదటి అబద్ధం ఇదే. పైన ఒక్కటే అని రాశాను. చూశారా, ఒప్పుకునేటప్పుడు కూడా తగ్గించే చెబుతాం.

నెల తిరిగాక ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. పోలమ్మ మాట తప్పలేదు. బుట్ట ఎక్కడో పెట్టేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తలుపు దగ్గర ఆపేశారు. వరండాలో నా పక్కన గోడకానుకుని కూర్చుంది. లోపల్నుంచి నా భార్య కేక వినపడింది. అమ్మా అని కాదు. పోలమ్మత్తా అని.

"ఏం అల్లుడా," అంది పోలమ్మ. "ఎమ్మెల్యేనే పేపర్లో ఉతికి ఆరేస్తావంట గదా. ఆ కాంపౌండరుకి ఓ మాట చెప్పలేవా? పిల్ల నన్ను పిలుస్తంది."

"అడుగుతానుండు."

లేచాను. వరండా మలుపు తిరిగాను. కాంపౌండరు అక్కడే బల్ల దగ్గర ఉన్నాడు. పొద్దున నన్ను చూడగానే నవ్వి, "మీ వార్త భలే పనిచేసింది సార్, ఇప్పుడు ఈగ కూడా పోవట్లేదు లోపలికి" అన్నవాడే. అడిగితే? పోలమ్మ వింటుండగా గట్టిగా మళ్ళీ అదే మాట అంటాడు. అంతే నా భయం. అంతకన్నా పెద్దదేమీ లేదు. దాటిపోయాను. పెరట్లో కుళాయి దాకా వెళ్ళి, నీళ్ళు తాగి, మొహం తుడుచుకుని వచ్చాను.

"ఒప్పుకోవట్లేదు పోలమ్మత్తా."

"పోన్లే అల్లుడా. నువ్వు మాత్రం ఏం చేస్తావు? చెప్పి చూశావు గదా."

ఆమె లేచి ఆసుపత్రి వెనక్కి వెళ్ళింది. కాన్పు గది కిటికీ మూసి ఉంది. దాని కింద నిలబడి, రెండు చేతులూ గోడకి ఆనించి, "కెరటం వస్తంది అమ్మాయ్, ఎదురుపోమాక" అంటూనే ఉంది. మధ్యాహ్నం దాకా గోడతో మాట్లాడింది. లోపల ఫ్యాను చప్పుడుకి ఒక్క ముక్కా వినపడలేదట.

అప్పుడైనా అడగొచ్చు కదా? అడగొచ్చు. కాంపౌండరు కాదంటే డాక్టరమ్మని అడగొచ్చు. నా వార్త తప్పని చెప్పొచ్చు. అడిగితే పంపేవాళ్ళేమో. పంపేవాళ్ళు కాదేమో. అది తెలియకుండా చేసుకున్నది నేనే.

ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం నేను లోపలికి వెళ్ళేసరికి నా భార్య కొరుక్కున్న పెదవి మీద నెత్తురు కట్టి ఉంది. మంచం ఇనుప కడ్డీ పట్టుకున్న చోట అరచేతులు కందిపోయాయి. నా వైపు చూడకుండా అంది: "ఆ వార్త రాసినోడి కడుపున ఆడపిల్ల పుట్టాలి. అది కూడా ఇట్టాగే ఎవరూ లేకుండా కనాలి. అప్పుడు తెలుస్తుంది వాడికి."

వాడి కడుపున పుట్టిన ఆడపిల్ల ఆమె పక్కలోనే నిద్రపోతోంది.

ఎలా చెప్పను? చెబితే నేను దోషినని తెలియడమే కాదు, తన నోటితో తన బిడ్డనే శపించుకున్నానని కూడా తెలుస్తుంది. నా నోరు నొక్కింది ఇదేనని ఇన్నేళ్ళూ సమాధానపడ్డాను. నిజమేనా? సగం. మిగతా సగం పిరికితనం. అది కుళాయి దగ్గర్నుంచే ఉంది.

పోలమ్మ పోయి చాలా కాలమైంది. ఆమెకీ చెప్పలేదు. తర్వాత బాపట్లలో పనిచేశాను. ఆడవాళ్ళ పేజీ కోసమని వేటపాలెం జీడిపప్పు ఒలిచే చోట ముసలివాళ్ళని కాన్పుల గురించి అడిగాను. నొప్పి గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు. చెయ్యి పట్టుకున్నదెవరో చెప్పారు. కసిరినదెవరో చెప్పారు. డెబ్బై ఏళ్ళావిడ, "ఆయా చెంచాతో నీళ్ళు పోసిందయ్యా, ఆ చెంచా కూడా గుర్తే" అంది. రాసుకున్నాను. అచ్చయింది. బాగుందన్నారు.

ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాం. ఏటా అమ్మాయి పుట్టినరోజుకి నా భార్య ఆ రోజంతా తిరిగి చెబుతుంది. కడ్డీ, ఫ్యాను, గోడ అవతల పోలమ్మ. ఒక్క అక్షరం మారదు. ఆ శాపం మాట మాత్రం చెప్పదు. ఒక్కసారీ చెప్పలేదు. మరిచిపోయిందా? ఎప్పుడో తెలిసిపోయిందా? ఫైల్లో ఆ 'స్పందన' ముక్క అంటించిన పేజీ నేను చింపేశాను. చింపిన అంచు అలాగే ఉంది. అడగడానికి నాకు ధైర్యం లేదు.

అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదో నెల. బాపట్లలో ఉంటుంది. ప్రయాణం వద్దన్నారని మేమే రేపు అక్కడికి వెళుతున్నాం. నా భార్య సంచి సర్దుతోంది. పాత చీరలు, ఆముదం సీసా. మధ్యాహ్నం అడిగింది, "నన్ను లోపలికి రానిస్తారంటారా? కనుక్కుంటారా?"

ఈసారి నిజంగానే అడిగాను. ఆసుపత్రికి ఫోను చేసి, ఆమె ఎదురుగానే. "అప్పటికి ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్ళిష్టమండి, ఇప్పుడే చెప్పలేం" అన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, సీసా మూత బిగించింది.

వాళ్ళిష్టం. నా చేతిలో ఏమీ లేదు. ఉన్న రోజున కుళాయి దాకా వెళ్ళి వచ్చాను.

ఆ వార్త రాసింది నేను. అడగకుండా తిరిగొచ్చింది నేను.