ఫిన్నీ లేని అధ్యాయం

మేడ్చల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే లింగానికి ఒక పద్ధతి ఉండేది. పీహెచ్‌డీ కోసం ఎవరేం చెప్పినా రాసుకుని, మళ్లీ వాళ్లింటికే వెళ్లి చదివి వినిపించేవాడు. "తప్పుంటె జెప్పున్రి, కొట్టేస్త" అనేవాడు.

అప్పటికి 1999. శామీర్‌పేట చుట్టూ ద్రాక్ష తోటలు ఒక్కొక్కటే ప్లాట్లవుతున్నాయి. వాటిలో బతికిన కూలీల చరిత్రే అతని పరిశోధన. ఎలీషమ్మ ఇంటికి మూడుసార్లు వెళ్లాడు. ఆమె కొడుకు ఫిన్నీ తోటలో పురుగుల మందు కొడుతూ పడిపోయి, పందొమ్మిదేళ్లకే పోయాడు. తోటాయన గుండెజబ్బన్నాడు. నిజం ఏ కాగితం మీదా పడలేదు. తన కొడుకు పేరు ఈ పుస్తకంలోనైనా పడుతుందా అని ఆమె అడిగితే, లింగం పడుతుందన్నాడు.

గైడు జానకిరామయ్య కూడా మార్కెట్టే అన్నీ సర్దుతుందనే పాఠాన్ని నమ్మనివాడే, కూలీల పక్షమే. అందుకే వాళ్ల తగువు మరింత చేదెక్కింది. పెట్టుబడి నడక తర్కంతో తేలాలి, చరిత్ర దానికి ఉదాహరణ మాత్రమే అని ఆయన. ఈ తోటలు ఎలా పుట్టి ఎలా పోయాయో తెలియకుండా ఆ తర్కం ఎక్కణ్నుంచి వస్తుందని లింగం. నాలుగేళ్లు వాదించుకున్నారు. ఈలోగా గడువు దగ్గరపడింది. ఇంట్లో రెండేళ్ల కూతురు రక్షితకు ఆయాసం, డిగ్రీ లేనిదే ఉద్యోగం నిలవదు.

"ఒక్కడి చావులోంచి సూత్రం రాదు లింగం. ఆ ఫిన్నీ అధ్యాయం తీసెయ్, సంతకం పెడతాను" అన్నాడు జానకిరామయ్య.

లింగం తీసేశాడు.

డిగ్రీ వచ్చిందని ఎవరో చెబితే విని, ప్రార్థనకు కట్టే తెల్లచీర కట్టుకుని ఎలీషమ్మ కాలేజీకి వచ్చింది. నల్లట్ట థీసిస్ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని తడిమింది. ఆమెకు చదువు రాదు.

"మావోని పేరు ఏడుందో సూపియ్యి సారూ."

అతను ఏ వరుస మీద వేలు పెట్టినా ఆమె నమ్మేదే. లింగం చెయ్యి లేవలేదు.

"లేదమ్మా. ఆ భాగం కొట్టేసిన."

ఎలీషమ్మ పుస్తకం మీంచి చెయ్యి తీసింది.

"నేనేమన్న తప్పు జెప్పిన్నా సారూ? ఏ మాటనో జెప్పు, దిద్దుకుంట."

తప్పేం లేదన్నాడు లింగం. సిద్ధాంతమనీ చరిత్ర అనీ ఏదో మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశాడు. ఎలీషమ్మ కొడుకు పోయిన రోజును ఆ పొద్దుట్నుంచి మొదలుపెట్టి మళ్లీ చెప్పసాగింది, తప్పెక్కడ దొర్లిందోనని ఒక్కో మాట దగ్గరా ఆగి అతని మొహంలోకి చూస్తూ.