బయట గొళ్లెం లేని తలుపు

మా ఎదురింటి అక్క పోయింది. మొగుడి దెబ్బలు పడలేక బిడ్డలతో బయటపడిన ఒకామెను తీసుకొస్తానని ఎమ్మిగనూరు బస్సెక్కింది. వాళ్లను చూడకముందే గుండెనొప్పి వచ్చి ఆ ఊరి ఆసుపత్రిలో కన్నుమూసిందని ఫోను వచ్చింది. తలుపు గడియకు నూనె వేయలేదని పొద్దున నన్ను తిట్టి పోయిన మనిషి, మధ్యాహ్నానికి లేదంటే ఏమనుకోవాలి? నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.

నేను పెద్దగా చదువుకోలేదు. వడ్రంగిని. నా తలుపుకు వంక పెట్టినవాడు ఆదోనిలో లేడు. ఆమె ఒక్కతే పెట్టింది. దిక్కులేని ఆడవాళ్లకూ పిల్లలకూ చోటివ్వడానికి మా ఎదురిల్లు అద్దెకు తీసుకుని, కొత్త తలుపు చేయమంది.

"లోపల గడియ గట్టిది పెట్టప్పా. బయట గొళ్లెం వద్దు."

"మరి తాళం యాడ ఏస్తావక్కా, నా నెత్తికా?"

"ఈడికొచ్చేటోళ్లను బయట గొళ్లెం పెట్టి, లోపలేసి కొట్టినారు మేస్త్రీ. ఆ సప్పుడు ఈ ఇంట్లో ఇనబడగూడదు."

గొళ్లెం లేని తలుపు నా పని అని చెప్పుకోవడానికి సిగ్గేసింది. అయినా చేసిచ్చాను.

ఎవరొచ్చినా ఆమె ముందు పేరు అడిగేది కాదు. జొన్నరొట్టె పెట్టేది. గడియ మాత్రం వాళ్ల చేతనే వేయించేది. "ఇంగ నువ్వు తీస్తేనే ఎవురైనా వచ్చేది" అనేది. ఒక వానాకాలం తలుపు ఉబ్బిందని కబురు పెడితే పోయి తట్టాను.

"ఎవురు?"

"మేస్త్రీనక్కా."

"ఉండప్పా. లోపలోళ్లను అడగల్ల."

నేను చేసిన తలుపు! వానలో నన్నే నిలబెట్టింది.

ఆమెను మట్టి చేసిన మర్నాడు, ఇంట్లో ఉన్నవాళ్లను కర్నూలులో ఇంకో ఆశ్రమానికి పంపించారు. ఇంటి ఓనరు, పత్తి వ్యాపారి, నా దగ్గరికి వచ్చాడు. "అక్కే లేకపాయె. గొళ్లెం కొట్టు మేస్త్రీ, తాళమేస్తా" అన్నాడు. ఇల్లు ఆయనది. కాదనడానికి నేనెవరిని? పోయి మేకు పెట్టాను. సుత్తి లేవలేదు. ముసలితనమో, ఇంకేమో. మీకు తెలిస్తే చెప్పండి.

అప్పుడే ఒకామె ఇద్దరు పిల్లలతో వచ్చి నిలబడింది. "ఎమ్మిగనూరు నుంచి వచ్చినామన్నా. అక్క రమ్మనింది. ఉందా?"

"అక్క లేదమ్మా, పోయింది" అన్నాను. ఆమె పిల్లలను దగ్గరికి లాక్కుంది. నా నోట ఎలా వచ్చిందో తెలియదు. "నువ్వు లోపలికి పో. గడియ నువ్వే ఏసుకో."

సాయంత్రం ఓనరు తాళంకప్పతో వచ్చాడు. "గొళ్లెమేదీ?" అన్నాడు. నేను తలుపు తట్టాను.

"ఎవురు?"

"మేస్త్రీనమ్మా. ఇంటాయన వచ్చినాడు."

లోపల పిల్లల గుసగుసలు. తర్వాత, "ఉండండప్పా" అంది.

తాళంకప్ప చేతిలో పట్టుకుని ఆయన, గొళ్లెం సంచిలో పెట్టుకుని నేను, గడప బయట నిలబడి ఉన్నాం.