తూర్పు కిటికీ

మా అక్క దగ్గు పట్టుకుని నందివాడ అత్తవారింటినుంచి బందరు తిరిగివచ్చిన ఏడు, డాబామీద ఒక గది వెయ్యాలని నాన్నగారు నిశ్చయించారు.

"ఈ కింది గదిలో ఉంచితే నా మందులు దండగండి. పైకి చేర్చండి. సముద్రపు గాలి తగలాలి," అన్నాడు డాక్టరు. జబ్బు పేరు చెప్పలేదు. తెలిసిన పేరే గనక మేమూ అడగలేదు.

మేడగదికి మునిసిపాలిటీ అనుమతి కావాలా అన్న ప్రశ్న మా వీధిలో అంతకుముందెవరికీ రాలేదు. గదులు మాత్రం వచ్చాయి. శనివారం ఆఫీసు మూసేవేళకు ఇటుకలు దింపుకుని, సోమవారం తెరిచేలోగా గోడలు లేపి, సున్నంలో కాస్త మసి కలిపి కొట్టిస్తే అది తాతలనాటి గది అయిపోయేది. ఊళ్ళో అందరికీ చట్టాన్ని తప్పుకుని నడవడం తెలుసు. నాన్నగారు మునసబు కోర్టులో గుమాస్తా. ఆయనకు పాపం చట్టమే తెలుసు.

నేనప్పుడు కాలేజీలో ఉన్నాను, అంటే సలహాలిచ్చే వయసు.

"పెళ్ళి పందిరికి అనుమతి అక్కర్లేదు కదా నాన్నగారూ! డాబామీద తాటాకు పందిరి వేద్దాం. ఎవరైనా అడిగితే పెళ్ళింకా అవలేదందాం."

"మొదటి గాలివానకి ఆ పందిరి గిలకలదిండి రేవులో దొరుకుతుంది. దానికింద పడుకున్న పిల్ల ఎక్కడ దొరుకుతుందిరా?"

ఆ తరవాత నేను సలహాలివ్వలేదు.

నాన్నగారు అర్జీ పెట్టారు. అంతటితో ఆగవలసింది. కిటికీ తూర్పింటివారి దొడ్డివైపు పడుతుంది గనక, చెప్పకుండా పెట్టడం మర్యాద కాదని, వెళ్ళి ఆ ఇంటాయనకు చెప్పి వచ్చారు. ఆ దొడ్లో నుయ్యి ఉంది. ఆడవాళ్ళ స్నానాలు అక్కడే. ఆయన మరిచిపోయాడేమోనని ఆ సంగతీ నాన్నగారే గుర్తుచేశారు. మర్నాడే మునిసిపాలిటీకి అభ్యంతరం అందింది.

ఓవర్సీరు టేపు పట్టుకుని వచ్చి, డాబా ఎక్కి దిగాడు.

"గది వేసుకోండి. తూర్పున మాత్రం కిటికీ వద్దు."

"గాలి వచ్చేది అటేనండీ."

"గాలి సంగతి నా చేతిలో లేదండి. గోడ సంగతే నాది."

పడమట కిటికీ పెడితే మధ్యాహ్నపుటెండ. తూర్పు మూస్తే గది కట్టినా ఒకటే, మానినా ఒకటే. అక్క మంచం మీంచే అంతా విన్నది.

"నాకోసం వాళ్ళింటి ఆడవాళ్ళకి ఇబ్బందెందుకు నాన్నా! కిందే బాగుంది," అంది. ఆ కాస్త మాటా చెప్పడానికి మధ్యలో చాలాసేపు ఆగవలసి వచ్చింది.

ఆ సాయంత్రం పొరుగాయన తల్లి దొడ్డిదారిన వచ్చి అక్క పక్కన కూచున్నారు. దగ్గు విన్నారు. లేచి వచ్చిన దారినే వెళ్ళారు. కాసేపటికి గోడ అవతల మాటలు వినిపించాయి.

"నువ్వు అభ్యంతరం రాసిచ్చింది మాకోసమేనట్రా?"

"మీకోసం కాక ఎవరికోసమమ్మా? కాలేజీ కుర్రాడున్నాడు. కిటికీలోంచి చూడడా?"

"చూస్తే నన్ను చూడాలి. వాడి ఖర్మ! కోడళ్ళకి నూతి చుట్టూ తాటాకు దడి కట్టించు. మన దొడ్లో దడికి ఎవడి అనుమతీ అక్కర్లేదు."

మర్నాడు పొద్దున్నే పొరుగాయన మా అరుగుమీదికొచ్చాడు.

"బావగారూ, కిటికీ కాస్త పెద్దదే పెట్టించండి. చిన్నదైతే మా అమ్మ ఊరుకోదు," అని, నావైపు చూడకుండా, అభ్యంతరం వెనక్కి తీసుకోవడానికి వెళ్ళాడు.

గది లేచింది. అక్కను కుర్చీలో కూచోబెట్టి అమ్మా నేనూ పైకి మోశాం. మొయ్యడానికి ఇద్దరు ఎక్కువే. కిటికీ ఎదురుగా మంచం వేశాం. సాయంత్రం సముద్రపు గాలి తిరగగానే అక్క ముఖం అటు తిప్పుకుని, చాలా రోజుల తరవాత మధ్యలో లేవకుండా నిద్రపోయింది. ఆ వానాకాలమంతా అక్కడే ఉంది. చలికాలం కూడా చాలావరకు ఉంది.

అక్క పోయిన నక్షత్రం మంచిది కాదన్నారు. "అసలైతే ఇల్లే విడవాలి. మేడమీద పోయింది గనక ఆ గది మూసేస్తే చాలు. తలుపూ కిటికీ రెండూ," అన్నాడు పురోహితుడు. నాన్నగారు అక్క పరుపు తీయించి తలుపుకు తాళం వేశారు.

"కిటికీ కూడా బాబూ," అన్నాడు పురోహితుడు మళ్ళీ.

"మూస్తానండీ," అన్నారు నాన్నగారు.

మూయలేదు.